నాలుగంకెల కోసం జర్మనీకి

ఎత్తు మీద పనిచేసేవాళ్ళు ఒంటికి బిగించుకునే సేఫ్టీ బెల్టులు కుడతాం మేము. భుజాల మీదుగా, ఛాతీకి అడ్డంగా, తొడల చుట్టూ పట్టీలుంటాయి. వీపు వెనక ఒక ఉక్కు రింగు. ఇంటి కప్పు మీద నుంచో, సెల్ టవర్ మీద నుంచో కాలు జారితే మనిషిని గాల్లో ఆపేది ఆ రింగూ, దాని చుట్టూ వేసిన కుట్లే. ఇంగ్లండు మధ్యలో, ఒకప్పుడు గుర్రపు జీనులు కుట్టిన ఊళ్ళో మా ఫ్యాక్టరీ ఉంది. ముప్పై ఎనిమిది మందిమి. నేను చీరాలలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టి, టెక్స్‌టైల్ ఇంజనీరింగు చదివి, పెళ్ళయ్యాక ఈ దేశం వచ్చి, పదిహేనేళ్ళుగా అక్కడ నాణ్యత చూసే పనిలో ఉన్నాను.

మా సరుకులో సగం జర్మనీ వెళ్ళేది. సాయంత్రం లారీ ఎక్కిస్తే ఎల్లుండికి అక్కడి దుకాణంలో ఉండేది. మధ్యలో సముద్రం ఉందనీ, సరిహద్దులున్నాయనీ మాకు గుర్తు కూడా ఉండేది కాదు. 2021 మొదటి రోజుతో అది ముగిసింది. బ్రిటన్ ఐరోపా ఉమ్మడి మార్కెట్టు నుంచి పూర్తిగా బయటికొచ్చేసింది. సుంకాలు ఉండవని ఒప్పందం కుదిరింది కాబట్టి మా యజమాని గ్రాహం ధీమాగా ఉన్నాడు. సుంకం లేని మాట నిజమే. కానీ ప్రతి బెల్టు లేబులు మీదా ఐరోపా ముద్ర పక్కన నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. ఆ బెల్టును ఏ పరీక్షాశాల ఒప్పుకుందో చెప్పే సంఖ్య అది. మాది బ్రిటిష్ పరీక్షాశాల. ఆ రోజు నుంచి ఆ సంఖ్యకు ఐరోపాలో విలువ పోయింది. దారం అదే, కుట్టు అదే, కుట్టే చేతులూ అవే. కానీ జర్మనీలో అది ఎవరూ పరీక్షించని వస్తువైపోయింది.

ఐరోపాలోని పరీక్షాశాలల ముందు మాలాంటి వాళ్ళు బారులు తీరి ఉన్నారు. చివరికి తూర్పు జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఒక చిన్న పరీక్షాశాల అక్టోబరులో తారీఖు ఇచ్చింది. నమూనాలు కొరియర్లో పంపితే కాగితాలు సరిగ్గా లేవని రెండుసార్లు తిరిగొచ్చాయి. మూడోసారి గ్రాహం నా బల్ల దగ్గరికి వచ్చి, నువ్వే పట్టుకెళ్ళమన్నాడు. ఆ మాటతో పాటే, క్రిస్మస్ లోపు ఇది తేలకపోతే సగం మందిని పంపేయాల్సి వస్తుందని కూడా చెప్పాడు. అలా ఆరు బెల్టులున్న పెట్టెతో, ముక్కుకి మాస్కుతో, పది రోజుల బట్టలతో బయల్దేరాను.

ఫ్రాంక్‌ఫర్ట్: ఒక్క అంకె

బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చాక ఇన్నేళ్ళూ ఐరోపా వాళ్ళ వరసలో నడిచి వెళ్ళిపోయేదాన్ని. ఈసారి పక్క వరసలోకి పంపారు. భారతీయ పాస్‌పోర్టుతో తిరిగిన రోజుల్లో ఆ వరస నాకు బాగా పరిచయం. కాళ్ళు మార్చుకుంటూ ఎలా నిలబడాలో, కాగితాలు ఏ వరసలో పట్టుకోవాలో మరిచిపోలేదు. నా వెనకున్న ఇంగ్లీషు పెద్దాయనకే అది కొత్త. "ఎప్పుడూ ఇంతసేపు పడుతుందా?" అని నన్నడిగాడు. పడుతుందన్నాను. ఆయన పాస్‌పోర్టు మీద ముద్ర పడినప్పుడు దాన్ని దగ్గరగా పెట్టుకుని చదువుకోవడం చూశాను.

సరుకు ఉంది కాబట్టి, అది చూపించాల్సినవాళ్ళు వెళ్ళే ఎర్ర గుమ్మం గుండా వెళ్ళాను. నెరిసిన గడ్డం ఉన్న కస్టమ్స్ అధికారి నా కాగితం చదివాడు. పరీక్ష కోసం తెచ్చే వస్తువుకి దిగుమతి పన్ను అక్కర్లేదు, కానీ అది పరీక్షలోనే పూర్తిగా పోవాలి, అమ్మకూడదు, వాడకూడదు. ఆయన ఆరు బెల్టుల సంచులనూ బల్ల మీద వరసగా పరిచి, ఒక్కో దాని మీదున్న వరస సంఖ్యా పైకి చదువుతూ వేలితో కాగితం మీద పోల్చుకున్నాడు. నాలుగో దాని దగ్గర వేలు ఆగింది. బెల్టు మీద చివరి అంకె ఎనిమిది. నా కాగితంలో మూడు. టైపు చేసింది నేనే.

"మీ కాగితంలో ఉన్న బెల్టు ఇక్కడ లేదు" అన్నాడు నెమ్మదిగా. "ఇక్కడున్న బెల్టు మీ కాగితంలో లేదు."

పొరపాటని చెప్పాను. పొరపాటని తనకూ తెలుసన్నాడు. కోపం లేదు, వెటకారం లేదు. ఆ ఒక్క బెల్టునీ పక్కన పెట్టి, రసీదు రాసి, మిగిలిన ఐదింటినీ నా పెట్టెలో నేను సర్దినదానికన్నా పొందిగ్గా సర్ది ఇచ్చాడు. ఐదు పరీక్షలకి ఐదు బెల్టులు. ఏదైనా తేడా వస్తే మళ్ళీ ప్రయత్నించడానికని తెచ్చుకున్న ఆరోది అక్కడే ఉండిపోయింది. బయటికొచ్చి బల్ల మీద కూలబడ్డాను. ముందు కోపం వచ్చింది. కాసేపటికి మరోలా అనిపించింది. ఆ గాజు గోడల వెనక ఎన్ని వేల పెట్టెలు కదులుతున్నాయో, వాటిలో ఒక్క అంకె కోసం ఒక మనిషి అరగంట కూర్చున్నాడు. మా ఫ్యాక్టరీలో నేను చేసే పనీ అదే కదా.

జీగెన్: పొలుసుల ఇళ్ళు

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి జీగెన్‌కి కొండల్లోంచి రెండు గంటల రైలు. అడవి, వాగు, అడవి, ఊరు. దిగి చూస్తే కొండ వాలున ఇళ్ళన్నీ నల్లగా మెరుస్తున్నాయి. కప్పులే కాదు, గోడలకి కూడా పలకరాయి ముక్కలు ఒకదాని మీద ఒకటి చేప పొలుసుల్లా పరిచి మేకులు కొట్టారు. వాన వెలిసిన వెలుతురులో ఊరంతా ఇప్పుడే నీళ్ళలోంచి లేచిన చేపలా ఉంది. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. మాస్కు ఉండబట్టి ఎవరికీ కనిపించలేదు.

డీటర్ స్టేషనుకి వచ్చాడు. డెబ్భై దాటిన పొడుగాటి మనిషి. ఇరవై ఏళ్ళుగా మా బెల్టులు కొనే దుకాణం ఆయనది. చేతులు కలపకూడని కరోనా రోజులు కాబట్టి మోచేయి చాచాడు, నేనూ చాచాను. ముందు భోజనానికి తీసుకెళ్ళాడు. అక్కడ టీకా పత్రం చూపిస్తేనే లోపలికి రానిస్తారు. నా ఫోన్లో ఇంగ్లండు వాళ్ళిచ్చిన కోడ్ ఉంది. వడ్డించే అమ్మాయి తన ఫోన్‌తో దాన్ని మూడుసార్లు చూసింది, మూడుసార్లూ ఎర్రగా వచ్చింది. అదే టీకా రెండు డోసులు వేసుకున్నాను, ఆ అమ్మాయి కూడా అదే వేసుకుందట. నా కోడ్ మాత్రం వాళ్ళ యంత్రానికి అర్థం కాదు. ఆమె నొచ్చుకుంది, నేను నవ్వేశాను. మా బెల్టుల గతే నాకూ పట్టిందని డీటర్‌తో అంటే ఆయన మాత్రం నవ్వలేదు.

దాంతో వాళ్ళింటికే వెళ్ళాం. డీటర్ భార్య రెనాటె బంగాళాదుంప తురిమి పిండిలో కలిపి పొడుగాటి గిన్నెలో కాల్చిన రొట్టె కోసి పెట్టింది. పైన పెళుసుగా, లోపల మెత్తగా, అంచున కొంచెం మాడి ఉంది. వెన్న రాసుకుని తింటుంటే మన దిబ్బరొట్టెకి దూరపు చుట్టంలా తోచింది. ఆవకాయ ఒక్కటే తక్కువ. బెల్లంపాకం లాంటి నల్లటి బీటు దుంపల పాకం ఒకటి ఇచ్చారు. రెండూ కలిపి మూడు ముక్కలు తిన్నాను. తిన్నానని రెనాటె రెండు ముక్కలు కాగితంలో చుట్టి ఇచ్చింది కూడా. అతిథి ఖాళీ చేతులతో వెళ్ళకూడదన్న పట్టుదల ఆ కొండల్లోనూ ఉందన్నమాట.

అసలు మాట దుకాణంలో జరిగింది. తాళ్ళు, హెల్మెట్లు, కొక్కేలు వేలాడుతున్న గది. మేము ఐరోపా మార్కెట్టులో ఉన్నన్నాళ్ళూ డీటర్ మా సరుకు అమ్మే వర్తకుడు, అంతే. ఇప్పుడు బయటి దేశం నుంచి తెచ్చే దిగుమతిదారు. చట్టం ప్రకారం ప్రతి బెల్టు మీదా ఆయన పేరు, చిరునామా ఉండాలి. ఏదైనా జరిగితే బాధ్యత ఆయనదీను. దానికి ఆయన సంతకం కావాలి. గ్రాహం నాకు చెప్పి పంపిన మాటలన్నీ చెప్పాను. డీటర్ ఓపిగ్గా విన్నాడు.

"మీ సరుకు మీద నాకు అనుమానం లేదు" అన్నాడు. "కానీ ఇన్నాళ్ళూ నేను అమ్మేవాణ్ణి. ఇప్పుడు నా పేరు కుట్టమంటున్నారు. రేపు ఎవరైనా పడితే ముందు నా తలుపు కొడతారు. నాకు డెబ్భై ఒకటి."

అంతలో మార్కుస్ అనే కప్పులు వేసే మేస్త్రి మేకులు కొనుక్కోడానికి వచ్చాడు. నేనెవరో డీటర్ చెప్పాడు. మేస్త్రి నా వైపు చూసి, గోడ మీదకు చెయ్యి చాపాడు. అక్కడ ఒక మేకుకి పాత బెల్టు వేలాడుతోంది. మాదే. పడ్డప్పుడు తెగేలా మేము కావాలని వేసే ఎర్ర దారం కుట్లు తెగి, లోపలి హెచ్చరిక పట్టీ బయటికొచ్చి ఉంది. మూడేళ్ళ కిందట ఒక చర్చి కప్పు మీద జారాడట. పదకొండు నిమిషాలు గాల్లో వేలాడాడట, కింద భార్య కారులో కూర్చుని ఫోన్ చూసుకుంటోందట, ఆమెకి తెలియనే లేదట. డీటర్ ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెబుతుంటే మార్కుస్ తల ఊపుతూ నిలబడ్డాడు. తర్వాత మోచేయి కాదు, చెయ్యే చాచాడు. నేనూ జాగ్రత్తలన్నీ మరిచి పట్టుకున్నాను. గరుకుగా, వెచ్చగా ఉంది. పదిహేనేళ్ళలో కొన్ని లక్షల కుట్లు భూతద్దం కింద చూసుంటాను. వాటి అవతలి కొసన ఉన్న మనిషిని చూడటం అదే మొదటిసారి.

మేస్త్రి వెళ్ళిపోయాక డీటర్‌ని ఒప్పించే ప్రయత్నం మానేశాను. "నా మాట మీద సంతకం పెట్టొద్దు" అన్నాను. "బుధవారం కెమ్నిట్జ్ వచ్చి మీ కళ్ళతో చూడండి." అంత దూరం కారు నడపడం ఈ వయసులో కష్టమన్నాడు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

వోల్ఫ్స్‌బర్గ్: కాలవ అవతల

పరీక్షకు ఇంకా మూడు రోజులుంది. దారి కొంచెం చుట్టయినా వోల్ఫ్స్‌బర్గ్‌లో దిగాను. చీరాలలో నాతో చదివిన నాగలక్ష్మి అక్కడ కార్ల సాఫ్ట్‌వేర్ రాస్తుంది. రైలు ఆగేసరికే కిటికీ నిండా ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీ, నాలుగు పొగ గొట్టాలు. మధ్యలో ఒక కాలవ. ఇవతల స్టేషను, అవతల ఫ్యాక్టరీ. దాని ఈ కొస నుంచి ఆ కొస చూడాలంటే తల తిప్పాలి.

నాగలక్ష్మి ఇంట్లో టెర్మిన్, అంటే ముందుగా తీసుకున్న అపాయింట్‌మెంటు, లేనిదే ఏ పనీ జరగదు. పళ్ళ డాక్టరుకి టెర్మిన్, కారు టైర్లకి టెర్మిన్, ఆఖరికి జుట్టు కత్తిరించుకోడానికీ టెర్మినే. ఆరేళ్ళ కొడుకు నిహాల్‌ని తెలుగులో ఏది అడిగినా జర్మన్‌లో జవాబిస్తాడు. "అన్నం తింటావా?" అంటే "నైన్" అని, వద్దని ఒక్క మాట. గోంగూర దొరకదని టర్కీ వాళ్ళ కొట్లో ఏదో పుల్లటి ఆకు కొని పప్పు చేసింది. ఆ ఆకు కట్ట రెండు యూరోలట, కొత్తిమీర ఒకటిన్నరట. చీరాల సంతలో కొత్తిమీర కొసరుగా పడేసేవాళ్ళని ఇద్దరం గుర్తు చేసుకున్నాం. పప్పు మాత్రం అచ్చం గోంగూర పప్పే.

మర్నాడు పొద్దున కాలవ మీది వంతెన ఎక్కించింది. కింద రైలు ఒకటి నిలబడి ఉంది, రెండంతస్తుల పెట్టెల్లో కొత్త కార్లు. పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. ఆమె భర్త శ్రీకాంత్ హైదరాబాదువాడు, విడిభాగాలు తెప్పించే ఒక కంపెనీలో చేస్తాడు. రెయిలింగు మీద మోచేతులు ఆన్చి చెప్పాడు.

"ఒక్క కారుల వేల పార్ట్స్ ఉంటయి అక్కా. ఒకటి స్పెయిన్ నుంచి వస్తది, ఒకటి హంగరీ నుంచి వస్తది. కొన్నయితే రెండు మూడు దేశాలు తిరిగి వస్తయి. యాడ గూడ ఆపరు, ఇప్పి చూడరు. ఇంగ్లండ్ నుంచి వచ్చేటియ్యే ఇప్పుడు మాకు పరేషాన్. గదే బోల్టు, నిరుడు పొద్దుగాల వస్తే సాయంత్రం బిగించేది. ఇప్పుడు దానికి పుట్టుపూర్వోత్తరాలు రాయాలె."

ఆ రైలు కదిలింది. పోలండుకో, ఇటలీకో, ఎటైనా వెళ్ళగలదు. ఇన్ని దేశాలు, ఇన్ని భాషలు, మొన్న మొన్నటి దాకా ఒకళ్ళ మీద ఒకళ్ళు బాంబులు వేసుకున్నవాళ్ళు. ఒక బోల్టుకి ఒకే కొలత, ఒక బెల్టుకి ఒకే పరీక్ష అని ఒప్పుకుని, ఒకరి మాట మీద మరొకరు తలుపులు తెరిచి పెట్టుకున్నారు. అందులో ఉన్నప్పుడు అది గాలిలాగా ఉండేది, ఉన్నట్టే తెలియదు. బయట నిలబడి చూస్తే ఎంత పెద్దదో తెలిసింది. ఎవరు కట్టారో, ఎన్నాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారో అనుకుంటూ చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా చూశాను.

మధ్యాహ్నం గిన్నెలు తుడుస్తూ నాగలక్ష్మి అసలు విషయం ఎత్తింది.

"ఎన్నాళ్ళు మోస్తావే ఆ బెల్టులు? నువ్వే వచ్చెయ్ ఇక్కడికి. నీ చదువుకి మనుషులు దొరకట్లేదు. పని చేసుకోడానికి బ్లూ కార్డ్ ఇచ్చేస్తారు. మొదట్లో ఊళ్ళో పేరు రాయించుకునే ఆన్మెల్డుంగ్ అదీ కొంచెం తిప్పిస్తారు, తర్వాత అలవాటైపోద్ది. ఇంటి మీటె కూడా మీ ఊరంత ఉండదు."

అద్దె ఎంతో కూడా అడిగాను, దాచను. ఆ వంతెన చూశాక ఆ మాట ఊరికే తోసెయ్యగలిగేది కాదు. ముప్పై ఎనిమిది మందిలో ముందుగా దిగిపోయేది నాణ్యత చూసే మనిషి అయితే మిగతావాళ్ళు ఏమనుకుంటారు? బెల్టుల సంగతి తేలాక చెబుతానన్నాను. "నువ్వు చదువుకునే రోజుల్లోనూ అంతేనే" అంది నాగలక్ష్మి.

కెమ్నిట్జ్: మూడు నిమిషాలు

రైలు లైప్‌జిగ్ దాటి దక్షిణానికి తిరిగాక, దూరంగా ఆకాశంలో రంగులు కనిపించాయి. కెమ్నిట్జ్ పొగ గొట్టమట. ఊళ్ళో ఏ ఇంటికన్నా, ఏ గోపురానికన్నా ఎన్నో రెట్లు ఎత్తు, పట్టీలు పట్టీలుగా ఊదా, నీలం, పసుపు, ఎరుపు వేశారు. దానికి రంగులేసినవాళ్ళు ఏ బెల్టులు కట్టుకున్నారో అన్న ఆలోచన నాకు రాకుండా ఎలా ఉంటుంది?

పరీక్షాశాల ఒక పాత మేజోళ్ళ ఫ్యాక్టరీలో ఉంది. గేటు దగ్గర బురద కొట్టుకున్న కారు, పక్కన థర్మాస్ ఫ్లాస్కుతో డీటర్. తెల్లవారుతూనే జీగెన్‌లో బయల్దేరాడట. "సంతకం పెడతానని కాదు, చూస్తానని" అన్నాడు.

పరీక్షలు చేసేది హైకె. అరవైకి దగ్గర్లో ఉన్న పొట్టి మనిషి, కళ్ళజోడు దారంతో మెడలో వేసుకుంటుంది. బళ్ళో రష్యన్ నేర్పారట, ఇంగ్లీషు నలభై దాటాక ప్రమాణాల పుస్తకాలు చదివి తనంతట తను నేర్చుకుందట. అందుకని ఆమె ఇంగ్లీషు చట్టంలా ఉంటుంది. కాఫీ ఇచ్చేటప్పుడు కూడా "మీరు చక్కెర వేసుకొనవలెను, లేదా వేసుకొనకపోవచ్చును" అన్నట్టు వినిపించింది.

ముందు కాగితాలు. కస్టమ్స్ అధికారి చేసినట్టే ఐదు సంఖ్యలూ చదివింది. అవన్నీ సరిపోయాయి. తర్వాత బరువు. నూరు కిలోల మొండెం బొమ్మ ఒకటుంది, తలా చేతులూ లేవు. వాళ్ళు దాన్ని ఓటో అని పిలుస్తారు. ఓటోకి మా బెల్టు తొడిగి, పైకెత్తి, నాలుగు మీటర్లు వదిలేస్తారు. ఒకసారి కాళ్ళ వైపు, ఒకసారి తలకిందులుగా.

మా దగ్గరా చిన్న పరీక్షలు చేస్తాం. కానీ ఆ ఎత్తు గదిలో, ఆ బరువు వదిలినప్పుడు వచ్చిన చప్పుడు నేనెన్నడూ వినలేదు. నేల అదిరింది. తాడు బిగుసుకుంది, మొండెం ఒక్కసారి ఊగి, నిలబడింది. డీటర్ నా పక్కన మాస్కులోంచి గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. ఆయన ఆలోచిస్తున్నది మార్కుస్ గురించని నాకు తెలుసు. రెండో బెల్టు తడిపి వదిలారు, మూడోది గడ్డకట్టించి, నాలుగోది మామూలుగా. నాలుగూ నిలబడ్డాయి.

మధ్యాహ్నం విరామంలో, తోడుపెట్టి వడకట్టిన పాలముద్దని బంగాళాదుంపతో కలిపి వేయించిన తీపి బిళ్ళలు పెట్టింది హైకె, పైన ఆపిల్ గుజ్జు. బూరె అనలేం, అట్టు అనలేం. జర్మనీలో బంగాళాదుంపకి చేతకాని వంటకం లేదని అర్థమైంది. ఈ గదిలోనే తను మేజోళ్ళు అల్లే యంత్రం నడిపేదట, ఇరవై ఎనిమిదేళ్ళ వయసు దాకా. మేమెందుకు వచ్చామో తనకి బాగా తెలుసంది.

"మేమూ ఒక కూటమిలో ఉండేవాళ్ళం" అంది. "మా మేజోళ్ళు రష్యా వెళ్ళేవి, బల్గేరియా వెళ్ళేవి. మా ప్రమాణాలు మాకుండేవి, మా ముద్ర మాకుండేది. గోడ కూలింది. అందరం వీధుల్లో ఏడ్చాం, సంతోషంతో. మరుసటి ఏడాది మా డబ్బు మారింది, ముద్ర చెల్లకుండా పోయింది, కొనేవాళ్ళు మాయమయ్యారు. మేజోళ్ళు మాత్రం అవే. పదకొండు వందల మందిమి ఈ గేటులోంచి బయటికి నడిచాం. మళ్ళీ లోపలికి వచ్చింది నేనొక్కదాన్ని."

ఎలా వచ్చారని అడిగాను. యంత్రాలు కొనుక్కోవడానికి వచ్చిన పడమటి వాళ్ళకి, ఏ దారం ఎక్కడ తెగుతుందో చూపించగలిగింది తనొక్కతేనట. అప్పటి నుంచీ వస్తువులు తెంచడమే తన ఉద్యోగమంది. నవ్వలేదు, కానీ కళ్ళజోడు తుడుచుకుంది.

ఐదో బెల్టు చివరి పరీక్షకి. ఓటోని కింద బిగించి, వీపు రింగుని యంత్రం పైకి లాగుతుంది. పదిహేను వందల కిలోలు వేలాడితే ఎంత బలమో అంత. మూడు నిమిషాలు అలా నిలబడాలి. అద్దం వెనక నిలబడ్డాం. ముల్లు పైకి పాకింది. పట్టీలు తీగల్లా బిగిసి సన్నబడ్డాయి. ఇది పోతే మార్చడానికి ఆరోది లేదు. ఒక నిమిషం గడిచింది. ఒకటిన్నర నిమిషం అవుతుండగా లోపల్నుంచి 'టక్' మని చప్పుడు. ఏదో ఎగిరి అద్దానికి తగిలింది.

నేను కళ్ళు మూసుకున్నాను. కుట్టుగదిలోవాళ్ళ పేర్లు గుర్తొచ్చాయి, మొహాలు గుర్తొచ్చాయి. హైకె చెయ్యి యంత్రం మీట మీద ఉంది, కానీ కదపలేదు. "మూడు నిమిషాలు అని రాసి ఉంది" అంది. మిగిలిన తొంభై సెకన్లూ ముల్లు అక్కడే ఉంది. తర్వాత కిందికి దిగింది.

ఎగిరింది పట్టీ కొసను పట్టి ఉంచే ప్లాస్టిక్ లూపు. హైకె భూతద్దం పెట్టి వీపు కుట్లు ఒక్కొక్కటీ చూసింది. అరగంట పట్టింది. ప్రమాణాల పుస్తకం తెరిచి, బరువు మోసే భాగాలేవో పైకి చదివింది. లూపు అందులో లేదు. మార్చుకోండని ఒక వాక్యం రాసింది. ఆ పైన, నిలబడింది అని రాసింది.

నేను ఉండబట్టలేక అనేశాను. పోయిన ఏడాదీ ఇదే బెల్టు, అప్పుడూ ఇలాగే నిలబడేది, ఇన్ని నెలలు, ఇంత దూరం ఎందుకని.

"అవును, అదే బెల్టు" అంది హైకె. "కానీ దీన్ని వేసుకునే మనిషికి మీరెవరో తెలియదు. అతను కిందికి చూసే ముందు, తను నమ్మేవాళ్ళు ఎవరో ఒకరు దీన్ని చూసుండాలి. ఇన్నాళ్ళూ మీవాళ్ళని అతను నమ్మేవాడు. ఇప్పుడు నన్ను నమ్ముతాడు. అంతే మారింది."

డీటర్ తన విజిటింగ్ కార్డు తీసి నా ముందు పెట్టాడు. పేరు స్పెల్లింగు సరిగ్గా కుట్టమన్నాడు.

ఇంకొక పని మిగిలింది. పరీక్షకి తెచ్చిన సరుకు మళ్ళీ ఎవరి ఒంటి మీదకీ పోకూడదు. హైకె బల్ల మీద ఐదు బెల్టులూ పెట్టి పెద్ద కత్తెర నా చేతికిచ్చింది. నాలుగు మీటర్లు పడి, గడ్డకట్టి, తడిసి, పదిహేను వందల కిలోలు మోసి తెగని పట్టీలు. ఆ కత్తెరకి కూడా తేలిగ్గా తెగలేదు. రెండు చేతులతో నొక్కాల్సి వచ్చింది. నేను కోస్తుంటే, ఇవి ఎవరు కుట్టారని అడిగింది హైకె. బల్జీత్ భుజాల పట్టీలు కుడుతుంది, ట్రేసీ తొడలవి, వీపు రింగు జీన్ కుడుతుందని చెప్పాను. ఆమె నివేదిక అంచున పెన్సిలుతో ఆ మూడు పేర్లూ రాసుకుంది. ఫారంలో దానికి గడి ఉందా అని అడిగాను. లేదంది.

తిరిగి వచ్చాక

ధ్రువపత్రం డిసెంబరు రెండో వారంలో వచ్చింది. అంతా సర్దుకుందని చెబితే అబద్ధమవుతుంది. మా దగ్గర అందరికన్నా ఎక్కువ కొనే హాంబర్గ్ కంపెనీ ఈలోపు పోలండు నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టింది, తిరిగి రాలేదు. వసంతం దాకా వారానికి నాలుగు రోజులే పని. నలుగురు వెళ్ళిపోయారు, వాళ్ళని గ్రాహం పంపలేదు గానీ ఆపనూ లేదు. రెండు రోజుల్లో జీగెన్ చేరే పెట్టె ఇప్పుడు తొమ్మిది రోజులకి చేరుతోంది. కానీ చేరుతోంది. నాగలక్ష్మికి ఇప్పట్లో రానని ఫోన్ చేశాను. ఇప్పట్లో అన్న మాట ఆమె గట్టిగా పట్టుకుంది.

కొత్త లేబుళ్ళు వచ్చిన రోజు టీ విరామంలో ఈ ప్రయాణమంతా కుట్టుగదిలో చెప్పాను. పొలుసుల ఇళ్ళు, మార్కుస్ చెయ్యి, ఓటో, కత్తెర, అన్నీ. జీన్ అందరికన్నా చివర కూర్చుంటుంది. అరవై నాలుగేళ్ళు, ఆ యంత్రం మీద ముప్పై ఒక్క ఏళ్ళు. బ్రిటన్ బయటికి రావాలని ఓటు వేసినవాళ్ళలో తనొకతె. ఆ సంగతి ఎప్పుడూ దాచలేదు. నేను చెప్పడం అయిపోయాక అందరూ కప్పులు కడుక్కోవడానికి లేచారు. జీన్ లేవలేదు.

"నేను ఓటేసింది వీటి మీద కాదు" అంది. "ఎవరూ వీటి సంగతి చెప్పలేదు."

తెలుసన్నాను. ఆమె కాసేపు లేబులు చుట్టను వేళ్ళ మధ్య తిప్పింది. కొత్త నాలుగంకెలు, కింద డీటర్ పేరు.

"వీపు రింగు ఊడిందా?" అని అడిగింది.

"ఒక్క కుట్టు కూడా కదల్లేదు."

జీన్ కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి లేబులు పట్టీ మీద సరిచూసుకుని, యంత్రం మీద పాదం ఆన్చింది.